చవక 9 ఎంఎం కార్బైన్: కొనేముందు ఏం చూడాలి, రేంజ్‌లో ఎలా పరీక్షించాలి

పిస్టల్ తూటాతో పేలే కార్బైన్ (పొట్టి రైఫిల్) కొనాలనుకునేవాళ్లు ముందు మోడల్ పేరు అడుగుతారు. ముందు అడగాల్సింది మ్యాగజైన్ (తూటాలు నింపి తగిలించే పెట్టె) సంగతి. ఏ మ్యాగజైన్ పడుతుంది, ఎంతకి దొరుకుతుంది, పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా అన్నది. చవక తుపాకీ రేంజ్‌లో మొరాయించిందంటే చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌దే. మ్యాగజైన్ మంచిదైతే మిగతా లోపాల్లో చాలావాటితో సర్దుకుపోవచ్చు.

ధర తగ్గించాలంటే కంపెనీ ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత పైపూతలోనో, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) ప్లాస్టిక్‌లోనో, గురిచూసే సైట్లలోనో, ట్రిగ్గర్ నునుపులోనో పడితే నాకు అభ్యంతరం లేదు. కాగితానికి, ఇనుప పళ్లేలకు గురిపెట్టి సరదాగా కాల్చే పనికి అవేవీ పెద్దగా అడ్డురావు. చాంబర్ (తూటా కూర్చుని పేలే గది) గరుకుగా ఉన్నా, ఎక్స్‌ట్రాక్టర్ (తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) పట్టు వదులుగా ఉన్నా, మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంకరగా ఉన్నా మాత్రం ఆ తుపాకీ ఎంత చవగ్గా వచ్చినా దండగే. ఈ రెండు రకాల కోతల మధ్య తేడా పట్టుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

మాట్లాడేది అమెరికాలో దొరికే, ఒక్కో నొక్కుకి ఒక్కో తూటా పేల్చే సెమీ ఆటోమేటిక్ 9 ఎంఎం కార్బైన్ల గురించి. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. అందుకే ఈ తరగతిలో దాదాపు ప్రతి బ్యారెల్ 16 అంగుళాలు దాటి ఓ పిసరు మాత్రమే ఉంటుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మ్యాగజైన్ 10 రౌండ్లు (తూటాలు) మించకూడదు. గ్రిప్, స్టాక్ ఆకారం మీద కూడా ఆంక్షలున్న రాష్ట్రాలున్నాయి. మడతపడే మోడల్ మీద మనసు పడేముందు మీ రాష్ట్రం నిబంధన చదువుకోండి.

చవక వరసలో ఎక్కువగా వినిపించే పేర్లు నాలుగు. హై-పాయింట్ 995 అన్నిటికంటే చౌక. 16.5 అంగుళాల బ్యారెల్, గ్రిప్‌లోనే దిగే 10 రౌండ్ల మ్యాగజైన్, చేతులు మారినా వర్తించే జీవితకాల వారంటీ. కెల్-టెక్ సబ్-2000 నడిమికి మడతపడుతుంది, బరువు 2 కిలోలకు అటూ ఇటూ. స్మిత్ అండ్ వెసన్ ఎఫ్‌పీసీ 2023లో వచ్చింది. అది పక్కకు మడుస్తారు కాబట్టి పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) ఉన్నా ఇబ్బంది లేదు. రూగర్ పీసీ కార్బైన్ వీటికంటే ఒక మెట్టు పైన: 3 కిలోల పైచిలుకు బరువు, తుపాకీ నుంచి విడదీయగలిగే బ్యారెల్, అదే కంపెనీ 10/22 రైఫిల్‌లో ఉండే ట్రిగ్గర్ భాగాలే ఇందులోనూ. గ్లాక్ మ్యాగజైన్లు తీసుకునే అడాప్టర్ కూడా మామూలు మోడల్ పెట్టెలోనే వస్తుంది.

మ్యాగజైన్ లెక్కన చూస్తే ఈ నాలుగింటి స్థానాలు మారిపోతాయి. గ్లాక్ మ్యాగజైన్ ప్రతి దుకాణంలో ఉంటుంది, నాలుగైదు కంపెనీలు చేస్తాయి, కాబట్టి రూగర్‌కి, గ్లాక్ మ్యాగజైన్ పట్టే రకం సబ్-2000కి దిగుల్లేదు. ఎఫ్‌పీసీకి ఎం అండ్ పీ మ్యాగజైన్లు, అవీ తేలిగ్గా దొరికేవే. హై-పాయింట్‌కి దాని సొంత మ్యాగజైనే దిక్కు. కంపెనీ మ్యాగజైన్ బాగానే పనిచేస్తుంది గానీ, దానికోసం బయటివాళ్లు చేసే ఎక్కువ రౌండ్ల రకాలతోనే గొడవంతా. 995 కొని దానికి పెద్ద మ్యాగజైన్ తగిలించి ‘ఈ తుపాకీ జామ్ అవుతోంది’ అని తిట్టడం న్యాయం కాదు.

ఈ నాలుగూ పనిచేసేది స్ట్రెయిట్ బ్లోబ్యాక్ పద్ధతిలో. తూటా పేలినప్పుడు బోల్ట్‌ని (చాంబర్‌ను వెనక నుంచి మూసే ఇనుప దిమ్మ) చాంబర్‌కు బిగించి పట్టుకునే తాళం ఏదీ ఉండదు. బోల్ట్ బరువు, వెనకున్న స్ప్రింగ్, ఈ రెండే ఆ ఒత్తిడిని ఆపుతాయి. గుండు బ్యారెల్ దాటి, ఒత్తిడి తగ్గేదాకా బోల్ట్ నిదానంగా కదలాలంటే అది బరువుగా ఉండాల్సిందే. ఏఆర్-15 రైఫిల్ తరహా 9 ఎంఎం కార్బైన్లలో బోల్ట్, దాని వెనకుండే బఫర్ (దెబ్బ తట్టుకునే బరువు) కలిపి 600 గ్రాముల పైమాటే. అంత ఇనుము వెనక్కి వెళ్లి కొట్టుకుని మళ్లీ ముందుకొచ్చి కొట్టుకుంటుంది కాబట్టి, చిన్న తూటాకి ఇంత తన్ను ఏమిటా అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. రూగర్ బోల్ట్‌లో టంగ్‌స్టన్ బరువు ఒకటి విడిగా జారుతూ ఆ దెబ్బను కొంత మింగేస్తుంది. తన్ను తగ్గించాలని బోల్ట్ తేలిక చేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒత్తిడి ఇంకా ఉండగానే కేస్ (తూటా గొట్టం) బయటకు జరిగి, గోడ ఆసరా లేనిచోట ఉబ్బి, చివరికి చిరిగిపోతుంది. అది మొహం పక్కనే జరిగే సంగతి.

దుకాణంలో

తుపాకీ చేతికి రాగానే గురిపెట్టి చూడకండి. తుపాకీ నోరు క్షేమమైన వైపు ఉంచి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి నిలిపి, చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. వరస ముఖ్యం. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ ఆడిస్తే ఒక రౌండ్ బయటికి, ఇంకొకటి లోపలికి వెళ్తుంది.

తర్వాత బోల్ట్‌ని చేత్తో నెమ్మదిగా పది పన్నెండుసార్లు ఆడించండి. బరువుగా ఉండొచ్చు, కానీ ఒకేచోట పట్టేసినట్టు ఉండకూడదు. చార్జింగ్ హ్యాండిల్ మరను వేళ్లతో కదిపి చూడండి. 995లో అది కాలుస్తుండగా వదులై బయటికొచ్చేయడం అందరికీ తెలిసిన జబ్బు. మందు సులువే: మర విప్పి, నూనె తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, బిగించి ఒక రోజు వదిలేయడమే. ఎరుపు రకం వాడితే మళ్లీ విప్పడానికి వేడి పెట్టాల్సివస్తుంది.

బ్యారెల్ నోటి అంచును వెలుతురులో తిప్పుతూ చూడండి. నొక్కు, గీత ఉంటే గుండు బయటికి వెళ్లేటప్పుడు వాయువు ఒకవైపు ముందుగా తప్పించుకుని గ్రూపు (గుళ్లు ఒకచోట పడే గుంపు) పాడవుతుంది. తర్వాత చాంబర్ వైపు నుంచి చిన్న లైటు పెట్టి, బ్యారెల్ లోపలికి చూడాలి. గాడులు అంచుదాకా ఒకే తీరున మెరవాలి. మధ్యలో ఎక్కడైనా చుట్టూ తిరిగిన నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ బ్యారెల్ ఉబ్బింది: ఎప్పుడో ఒక గుండు లోపల ఇరుక్కుంటే దాని వెనక ఇంకొకటి పేల్చారన్నమాట. పాత తుపాకీలో అది కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఎక్స్‌ట్రాక్టర్ పరీక్ష ఈ రకం తుపాకుల్లో చాలామంది వదిలేస్తారు. కారణం ఉంది. బ్లోబ్యాక్‌లో పేలిన కేస్ తనంతట తానే బోల్ట్‌ను వెనక్కి తోస్తూ బయటికొస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ అరిగిపోయినా తుపాకీ చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. దాని అసలు పరీక్ష పేలని రౌండ్‌ని చేత్తో బయటికి తీయడంలో ఉంది. దుకాణదారు అనుమతితో రెండు మూడు డమ్మీ (మందులేని) రౌండ్లు మ్యాగజైన్‌లో పెట్టి, బోల్ట్ వెనక్కి పూర్తిగా లాగి వదులుతూ ఒక్కొక్కటీ లోపలికి, బయటికి పంపండి. ప్రతిసారీ డమ్మీ గట్టిగా ఎగిరి బయటపడాలి. చాంబర్‌లోనే ఉండిపోయినా, బోల్ట్ మీంచి జారి మ్యాగజైన్ మీద పడినా కొక్కెం పట్టు చాలదు. రేంజ్‌లో పేలని తూటా తీయాల్సి వచ్చినప్పుడు ఈ లోపమే విసిగిస్తుంది.

ట్రిగ్గర్ బరువు (నొక్కడానికి పట్టే బలం) 3 నుంచి 3.5 కిలోల దాకా ఉన్నా ఈ ధరలో భరించవచ్చు. చూడాల్సింది బరువు కాదు, అది నమ్మకంగా ఉందా లేదా అన్నది. చాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కి, వదలకుండా అలాగే పట్టుకుని బోల్ట్ ఒకసారి ఆడించండి. ఇప్పుడు వేలు నెమ్మదిగా వదిలితే ‘టిక్’మని తిరిగి కూర్చోవాలి, మళ్లీ నొక్కితేనే సుత్తి (హై-పాయింట్ లాంటి వాటిలో స్ట్రైకర్), అంటే తూటాను పేల్చే భాగం, పడాలి. సేఫ్టీ వేసి గట్టిగా నొక్కి, వేలు తీసేసి, సేఫ్టీ తీయండి. సుత్తి పడితే ఆ తుపాకీ అక్కడే వదిలేయాలి. బోల్ట్‌ని వెనక నుంచి ఒక్కసారిగా వదిలినప్పుడు సుత్తి తనంతట పడినా అంతే. డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయొచ్చో లేదో ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి, లేదా డమ్మీ పెట్టి చేయండి.

మ్యాగజైన్ని బిగించి పైకి నొక్కి, కిందికి లాగి, ముందుకు వెనక్కి కదపండి. కొంచెం కదలిక మామూలే. కిందికి లాగితే 2 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంటే బోల్ట్ రౌండ్ వెనక అంచును సరిగ్గా పట్టుకోలేదు. పెదవులను పైనుంచి చూడండి: రెండూ సమాంతరంగా, పగుళ్లు లేకుండా ఉండాలి. ఫాలోవర్‌ని (మ్యాగజైన్‌లో తూటాలను పైకి నెట్టే పలక) వేలితో కిందికి నొక్కి వదిలితే ఎక్కడా ఆగకుండా పైకి రావాలి. కనీసం నాలుగు మ్యాగజైన్లు తుపాకీతో పాటే కొనండి. పరీక్షకు అవి కావాలి, ఎందుకో కింద చెప్తాను.

పరీక్షకు 300 రౌండ్లు

యాభై రౌండ్లు కాల్చి ‘బాగుంది’ అనేస్తే ఏమీ తేలదు. కొత్త తుపాకీ మొదట్లో నూనె తాజాగా ఉండి బాగా నడుస్తుంది, లేదా భాగాలు కుదురుకోక మొదటి 50లో మొరాయించి తర్వాత దారిన పడుతుంది. 300 కాలిస్తే రెండూ బయటపడతాయి. ఆ 300కీ మధ్యలో శుభ్రం చేయకూడదు, నూనె వేయకూడదు.

బయల్దేరేముందు ఫ్యాక్టరీ జిడ్డు మొత్తం తుడిచేయాలి. అది తుప్పు పట్టకుండా పూసింది, లూబ్రికెంట్ కాదు. చాంబర్, బ్యారెల్ లోపల పొడిగా ఉంచి, బోల్ట్ రాసుకునే పట్టాల మీద నూనె పల్చగా పూయండి. బ్లోబ్యాక్‌లో మసి ఎక్కువ, నూనె ఎక్కువైతే అది మసితో కలిసి ముద్దగా తయారై బోల్ట్ చివరి 2 మిల్లీమీటర్లు మూసుకోకుండా ఆపుతుంది. నాలుగు మ్యాగజైన్లకూ పెయింట్ మార్కర్‌తో 1 నుంచి 4 దాకా అంకెలు వేయండి. ఒక చిన్న నోటు పుస్తకం, అందులో మూడు గడులు: రౌండ్ సంఖ్య, మ్యాగజైన్ సంఖ్య, ఏమైంది.

200 రౌండ్లు మామూలు 115 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) ఫుల్ మెటల్ జాకెట్ (లోహపు తొడుగున్న గుండు). 50 రౌండ్లు 124 గ్రెయిన్. మిగతా 50 రౌండ్లు 147 గ్రెయిన్, అందులో సగం హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న రకం) అయితే మంచిది. దాని చదును ముక్కు ఫీడ్ ర్యాంప్ (తూటా చాంబర్‌లోకి ఎక్కే వాలు) లోపాలను ఇట్టే బయటపెడుతుంది. తొలి వంద మెల్లగా కాల్చండి, ప్రతి మ్యాగజైన్ చివర బోల్ట్ వెనక నిలబడిందా లేదా రాసుకోండి. సబ్-2000 రెండో తరంలో చివరి రౌండ్ తర్వాత బోల్ట్ తనంతట ఆగే ఏర్పాటే లేదు, అది లోపంగా రాయకండి. తర్వాత వేగంగా, ఎడమ భుజం నుంచి, కూర్చుని, కొంచెం వంచి పట్టుకుని కూడా కాల్చి చూడండి.

కళ్లకు, చెవులకు రక్షణ లేకుండా ఒక్క రౌండ్ కూడా వద్దు. లోపలి రేంజ్ అయితే చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ ఉండాలి. కొన్ని మోడళ్లలో కేస్ బయటపడే కిటికీ చెంపకు దగ్గరగా ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్లు ఇది కొనేముందే చూసుకోవాలి. ఇనుప పళ్లెం టార్గెట్ అయితే గట్టి ఏఆర్500 ఉక్కుది, గుంటలు పడనిది, కొంచెం ముందుకు వంగి వేలాడేది కావాలి. పోటీ నిబంధనల్లో కనీస దూరం 7 మీటర్లు. పొడవు బ్యారెల్‌లోంచి గుండు వేగంగా వస్తుంది కాబట్టి కార్బైన్‌కి నేను 10 మీటర్లకు లోపు ఒప్పుకోను.

ఆగిపోయినప్పుడు

తుపాకీ ఆగగానే చేయి దానంతటదే బోల్ట్ మీదికి పోతుంది. ఆగండి. నోరు టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, కిటికీలోకి చూడండి. ఆ చూపులోనే సగం రోగ నిర్ధారణ అయిపోతుంది.

గుండు ముక్కు ర్యాంప్ కింద గుచ్చుకుని ఉంటే మ్యాగజైన్ రౌండ్‌ని తగినంత పైకి ఎత్తలేదు. స్ప్రింగ్ బలహీనం కావచ్చు, మ్యాగజైన్ పూర్తిగా కూర్చోకపోయి ఉండవచ్చు, మ్యాగజైన్‌ని పట్టుకునే క్యాచ్ అరిగి ఉండవచ్చు. ఇక్కడే అంకెల పని. నాలుగుసార్లు ఆగితే నాలుగూ 3వ నంబరు మ్యాగజైన్‌తోనే అయితే దాన్ని పక్కన పడేయండి, తుపాకీకి ఏమీ కాలేదు. నాలుగు మ్యాగజైన్లతోనూ అదే జరిగితే ర్యాంప్‌నో క్యాచ్‌నో అనుమానించాలి. ర్యాంప్‌ని డ్రెమెల్ పెట్టి అరగదీసే పని ఇంట్లో చేయొద్దు. ఎక్కువ అరిగితే కేస్ కింద ఆసరా పోతుంది, వారంటీ కూడా పోతుంది.

ఖాళీ కేస్ కిటికీలో నిలువుగా ఇరుక్కుంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదు, లేదా కేస్ ఎజెక్టర్‌కి (కేస్‌ను బయటికి తన్నే భాగం) సరిగ్గా తగల్లేదు. తూటాలో మందు తక్కువా? బరువైన బోల్ట్‌ని తోయడానికి తేలికపాటి టార్గెట్ లోడ్లు చాలవు. ముందు తూటా మార్చి చూడండి, తర్వాత మసి, ఆ తర్వాతే ఎక్స్‌ట్రాక్టర్. కేసులు ఎక్కడ పడుతున్నాయో కూడా గమనించండి. అన్నీ ఒకే దిక్కున, దాదాపు ఒకే దూరంలో పోగుపడితే యంత్రం కుదురుగా ఉన్నట్టు. ఒకటి ముందుకు, ఒకటి నెత్తిమీదికి, ఒకటి కాళ్ల దగ్గర పడుతుంటే ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ చూడాలి.

బోల్ట్ ఓ పిసరు మూసుకోకుండా ఆగిపోతే అరచేత్తో కొట్టి మూయకండి. వెనక్కి లాగి ఆ రౌండ్ బయటికి తీయండి. రీలోడ్ చేసిన (వాడిన కేస్‌లో మళ్లీ మందు నింపిన) తూటాల్లో కేస్ అడుగు ఉబ్బి ఉండటం వల్ల ఇది తరచూ వస్తుంది. రూగర్‌లో బ్యారెల్ విడదీయడం సులువు కాబట్టి పరీక్ష కూడా సులువు. బ్యారెల్‌ని నిలబెట్టి రౌండ్‌ని చాంబర్‌లోకి వదలండి: ‘టప్’మని పూర్తిగా దిగి, వేలితో తిప్పితే తిరిగి, బోర్లిస్తే దానంతట పడిపోవాలి. ఫ్యాక్టరీ తూటాలే దిగకపోతే చాంబర్ బిగుతు, కంపెనీకి పంపాల్సిందే.

ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’మని పేలకపోతే నోరు టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా అంటుకునే ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందు అంటించేవి) ఉంటాయి. తర్వాత తీసి ప్రైమర్ మీద నొక్కు చూడండి. లోతైన నొక్కు ఉంటే తూటా తప్పు. నొక్కు చిన్న చుక్కలా ఉంటే సుత్తి స్ప్రింగ్ బలహీనమో, ఫైరింగ్ పిన్ దారిలో జిడ్డు చేరిందో, బోల్ట్ పూర్తిగా మూసుకోలేదో.

రెండు సందర్భాల్లో ఆ రోజుకి కాల్పులు ఆపేయాలి. ఒకటి, పేలుడు ‘పుస్’మని మెత్తగా వినిపించి తన్ను లేకపోవడం. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లోకి కడ్డీ పంపి అడ్డు లేదని తేలేదాకా ఇంకో రౌండ్ వేయకూడదు. పొడవు బ్యారెల్‌లో ఈ ప్రమాదం పిస్టల్‌లో కంటే ఎక్కువ, ఎందుకంటే బలహీనమైన తూటా 4 అంగుళాలు దాటగలిగినా 16 అంగుళాలు దాటలేకపోవచ్చు. రెండోది, ఒక్కసారి నొక్కితే రెండు పేలడం. అది సియర్ (సుత్తిని ఆపి పట్టే కొక్కెం) అరుగుదల లేదా ట్రిగ్గర్ లోపం. మళ్లీ జరుగుతుందేమో చూద్దామని అనుకోకుండా మ్యాగజైన్ తీసి సంచిలో పెట్టి గన్‌స్మిత్‌కి చూపించాలి.

మధ్యమధ్యలో నేలమీది కేసులు రెండు మూడు ఏరి దగ్గరగా చూడండి. బ్లోబ్యాక్‌లో కేస్ బయట ఒకవైపు మసి పట్టడం మామూలు. అడుగు నుంచి 3, 4 మిల్లీమీటర్ల పైన ఒకవైపే బొడిపెలా ఉబ్బిందా, గోరుతో గీస్తే తగులుతుందా? గోరుకి అడ్డుపడేంత ఉబ్బు ఉంటే ఆ తూటా ఆ తుపాకీకి మరీ ఘాటు, లేదా బోల్ట్ తొందరగా తెరుచుకుంటోంది. మొదట వేరే బ్రాండ్‌తో సరిచూసుకుని, అప్పటికీ అలాగే వస్తే కాల్చడం ఆపండి.

మూడొందల్లో చివరి రెండొందల మీదే నా తీర్పు. అందులో ఒకసారి ఆగితే క్షమించవచ్చు. ఒకే కారణంతో, వేరువేరు మ్యాగజైన్లతో రెండోసారి ఆగితే తుపాకీ తప్పింది.

గురి, గ్రూపు, జీరో

చవక కార్బైన్ గురి గురించి నెట్‌లో కనిపించే మూడు రౌండ్ల గ్రూపు ఫొటోలను నమ్మకండి. మూడు గుళ్లు పక్కపక్కన పడటం అదృష్టంతో కూడా జరుగుతుంది. 50 మీటర్ల దగ్గర, బల్లమీద ఇసుక సంచుల ఆసరాతో, 10 రౌండ్ల గ్రూపులు మూడు కాల్చండి. సంచి హ్యాండ్‌గార్డ్ కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. బ్యారెల్ సంచికి ఆనితే గుళ్లు పైకి పోతాయి. మామూలు 115 గ్రెయిన్‌తో పది రౌండ్లూ 10 సెంటీమీటర్ల వృత్తంలో పడితే ఈ ధరకి చాలు. ఇనుప పళ్లేలను కాల్చే స్టీల్ చాలెంజ్ పోటీల్లో చిన్న గుండ్రటి పళ్లెం 10 అంగుళాలు, అంటే 25 సెంటీమీటర్లు, అదీ 35 గజాలు దాటని దూరంలో. దానికి ఆ గురి ధారాళంగా సరిపోతుంది. నచ్చిన తూటా దొరికితే చాలా బ్యారెళ్లు ఇంతకంటే బాగా కొడతాయి.

తూటా ఎంపికలో ఒక సంగతి తెలిస్తే అయోమయం తగ్గుతుంది. 115 గ్రెయిన్ గుండు 4 అంగుళాల పిస్టల్‌లోంచి సెకనుకు 1150 అడుగుల చుట్టూ వస్తే, 16 అంగుళాల బ్యారెల్‌లోంచి 1300 దరిదాపుల్లో వస్తుంది. ధ్వని వేగం 1125 అడుగుల చుట్టూ కాబట్టి ఆ గుండు 50 మీటర్ల ప్రాంతంలో ధ్వని వేగం కిందికి దిగుతుంది. ఆ దాటే చోట కొన్ని గుళ్లు కొంచెం తడబడతాయి, 100 మీటర్ల గ్రూపు లెక్కకు మించి విచ్చుకోవడానికి అదొక కారణం. 147 గ్రెయిన్ మొదటి నుంచే చాలావరకు ధ్వని వేగం కిందే ఉంటుంది. పొడవు బ్యారెల్ దానికి ఇచ్చే అదనపు వేగం తక్కువ, కానీ తన్ను, చప్పుడు మెత్తగా ఉంటాయి. కాగితం మీద గ్రూపుల కోసం 124తో మొదలుపెట్టమంటాను.

జీరో, అంటే గురిపెట్టినచోటే గుండు పడేలా సైట్ సరిచేయడం, 50 మీటర్ల దగ్గర చేయండి. 25 దగ్గర మొదలుపెట్టి కాగితం మీదికి తెచ్చుకుని, తర్వాత 50కి వెళ్లడం తేలిక. 1 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 25 మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు, 50 దగ్గర 14.5 మిల్లీమీటర్లు. మీ రెడ్ డాట్ ఒక్కో క్లిక్ 1 ఎంఓఏనా, అరనా చూసుకుని లెక్కేయండి. మూడు గుళ్లు కాల్చి కాదు, ఐదు కాల్చి మధ్య బిందువు చూసి తిప్పండి.

సైట్ బ్యారెల్ కంటే ఎంత ఎత్తులో ఉందన్నది చాలామంది పట్టించుకోరు. 115 గ్రెయిన్, 1300 అడుగుల వేగం, 50 మీటర్ల జీరో అనుకుందాం. సైట్ 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 25 మీటర్ల దగ్గర గుండు గురికంటే అర సెంటీమీటరు లోపే పైన పడుతుంది, 100 దగ్గర సుమారు 17 సెంటీమీటర్లు కిందికి. ఏఆర్ తరహాలో 6.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 25 దగ్గర ఒక సెంటీమీటరు లోపు కిందికి, 100 దగ్గర సుమారు 15 కిందికి. అసలు తేడా 7 మీటర్ల దగ్గర: మొదటిదానికి 2 సెంటీమీటర్ల పైచిలుకు, రెండోదానికి నాలుగున్నర సెంటీమీటర్లు కింద తగులుతుంది. దగ్గర టార్గెట్ మీద చిన్న చుక్క తప్పితే తుపాకీని తిట్టకుండా అంతే మేర పైకి గురిపెట్టాలి. డాట్ సైజు 2 లేదా 3 ఎంఓఏ తీసుకోండి. 6 ఎంఓఏ డాట్ 50 మీటర్ల దగ్గర దాదాపు 9 సెంటీమీటర్లు కప్పేస్తుంది, దాంతో గ్రూపు కొలిచి లాభం లేదు.

రూగర్‌లో రిసీవర్ (బోల్ట్ ఉండే మొండెం) మీద డాట్ బిగిస్తే, బ్యారెల్ విడదీసి మళ్లీ బిగించాక జీరో కదిలిందేమో ఒకసారి పరీక్షించాలి. బ్యారెల్ దగ్గర బిగుతు సరిచేసే రింగ్ ఉంటుంది, మాన్యువల్‌లో చెప్పినట్టు దాన్ని మొదటిరోజే సెట్ చేయాలి. వదులుగా ఉంటే గ్రూపు రెండు గుంపులుగా చీలుతుంది. పాత తరాల సబ్-2000లో ఫోర్ఎండ్ (ముందు చేయి పట్టే భాగం) మీద డాట్ పెడితే మడత పడదు. దాని స్టాక్ ట్యూబు మీద చెంప ఆనించడం కొందరికి అసౌకర్యం, కొనేముందు భుజానికెత్తి చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో మార్లిన్ క్యాంప్ కార్బైన్ కనిపిస్తే మనసు లాగుతుంది, చెక్క స్టాక్‌తో అందంగా ఉంటుంది. 1985 నుంచి 1999 దాకా తయారైంది. దాని లోపలి ప్లాస్టిక్ బఫర్ వయసుకి పొడిపొడిగా రాలిపోతుంది, రీకాయిల్ స్ప్రింగ్ మెత్తబడుతుంది. ఈ రెండూ మార్చకుండా కాలిస్తే స్టాక్ పగులుతుంది. విప్పి బఫర్ చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. అది తీసుకునేది స్మిత్ అండ్ వెసన్ 59 వరస మ్యాగజైన్లు. ఆ పిస్టళ్ల తయారీ ఆగిపోయింది కాబట్టి మ్యాగజైన్లు వెతుక్కోవాలి.

పరీక్షలో తుపాకీ తప్పితే దుకాణంతో వాదించడం కంటే కంపెనీకి పంపడమే త్వరగా తేలే దారి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని తన తుపాకీని మరమ్మతుకి నేరుగా తయారీదారుకి పంపవచ్చు, వాళ్లు నేరుగా తిరిగి పంపవచ్చు. ముందు కంపెనీకి ఫోన్ చేసి రిటర్న్ నంబరు తీసుకోవాలి. పెట్టెలో తుపాకీ ఒక్కటే పెట్టకండి. ఆగిన మ్యాగజైన్లు, పది పన్నెండు కాల్చిన కేసులు, ఏ బ్రాండ్ ఎన్ని గ్రెయిన్లో రాసిన కాగితం, నోటు పుస్తకంలోని పేజీ నకలు కూడా పెట్టండి. పేలని తూటాలు మాత్రం ఆ పెట్టెలో ఒక్కటి కూడా ఉండకూడదు.